పోల్చేది ఎవరు? పోలికలోకి రానిది ఎవరు?

(కులం, కోర్టు, కాగితం: 11వ భాగం)



తెలుగు ఎం.ఏ. క్లాసులో తులనాత్మక సాహిత్యం చెప్పేటప్పుడు ఒక తంతు ఉంటుంది. జాషువా 'గబ్బిలం' పక్కన కాళిదాసు 'మేఘసందేశం' పెడతారు. అక్కడ మేఘం, ఇక్కడ గబ్బిలం. అక్కడ యక్షుడు, ఇక్కడ అరుంధతీసుతుడు. పట్టిక అందంగా వస్తుంది, మార్కులు కూడా పడతాయి. ఆ మనిషి గబ్బిలంతోనే ఎందుకు కబురంపాడు, తానే గుళ్లోకి ఎందుకు పోలేకపోయాడు అన్న ప్రశ్నకి మాత్రం ఆ పట్టికలో గడి ఉండదు. పోలిక అమాయకమైన పని అని ఎవరైనా అంటే నేను నమ్మను. గడులు గీసినవాడే ఎవరు లోపల, ఎవరు బయట అని తేలుస్తాడు.

ఇవాళ ఆ గడుల సంగతి చట్టం దాకా తీసుకెళ్తాను.

ఆసియా దేశాల చట్టాల్ని పక్కపక్కన పెట్టి చదవడానికి పెద్ద పెద్ద సంస్థలున్నాయి. 2003లో ఆసియాలోని పేరున్న లా స్కూళ్లు కొన్ని కలిసి సింగపూర్ కేంద్రంగా ఏషియన్ లా ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాయి. మన బెంగళూరు నేషనల్ లా స్కూల్ కూడా అందులో వ్యవస్థాపక సభ్యురాలే. మంచి పనే. లండన్ మీదుగా, న్యూయార్క్ మీదుగా కాకుండా ఆసియా ఆసియాతో నేరుగా మాట్లాడుకోవాలన్న కోరికని నేను గౌరవిస్తాను. అక్కడ కులం మీద ఎవరూ ఒక్క పేపరూ చదవలేదని కూడా నేననను. నా తగువు ఒక్క సంస్థతో కాదు, ఈ శాస్త్రం మొత్తంతో. ఆసియాని ఆసియాగా కలిపే చట్టం ఏది అని అడిగితే కంపెనీ చట్టం, ఒప్పందాల చట్టం, జర్మనీ నుంచి జపాన్‌కి పోయిన సివిల్ కోడ్ అని చెప్తారు. పుట్టుకని బట్టి మనిషిని అంటరానివాణ్ణి చేసే ఏర్పాటు ఆ జాబితాలో ఎన్నో నంబరులో వస్తుంది?

అసలు ఈ శాస్త్రం మన గడ్డ మీద ఎలా పుట్టిందో చూడండి. 1776లో హాల్‌హెడ్, పదకొండు మంది బ్రాహ్మణ పండితులు కూర్చిన ధర్మశాస్త్ర సంకలనాన్ని ఇంగ్లిషులో అచ్చేశాడు. 1783లో కలకత్తా సుప్రీంకోర్టు జడ్జీగా వచ్చిన విలియం జోన్స్ మరుసటేడాదే ఏషియాటిక్ సొసైటీ పెట్టాడు. ఆయన చేసిన మనుధర్మశాస్త్ర అనువాదం 1794లో వచ్చింది. ఈ దేశపు చట్టం ఏమిటని తెల్లదొర ఎవర్ని అడిగాడు? పండితుణ్ణి. ఆ వరసలో మాల లేడు, మాదిగ లేడు. కొరడా పట్టుకున్నవాణ్ణి అడిగి రాసుకున్నదే మన చట్టం అయ్యింది. ఆ తర్వాత యూరప్ పండితులు ప్రపంచ చట్టాల్ని కుటుంబాలుగా విడగొట్టినప్పుడు మనల్ని 'హిందూ లా' అనే ఇంట్లో పడేశారు. వాడ బయట ఉన్నవాళ్లకి ఆ ఇంట్లో గదెక్కడిది సారూ?

సరే, మీరు గీయని పట్టిక నేను గీస్తాను. ఒక్క నీళ్లనే తీసుకుంటాను.

నేపాల్. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ దేశ ప్రజలందర్నీ కులాల మెట్లుగా పేర్చింది. ఎవరి చేతి నీళ్లు తాగొచ్చు, ఎవరి చేతివి తాగకూడదు, ఎవర్ని తాకితే నీళ్లు చల్లుకుని శుద్ధి కావాలి అన్నదే ఆ మెట్లకి కొలత. అదే నేరానికి కులాన్ని బట్టి శిక్ష మారేది. ఇది పురాణం కాదు, రాజ్యం రాసిన శిక్షాస్మృతి. 1963 దాకా నడిచింది.

మహద్. 1927లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. సవర్ణులు కోర్టుకెక్కారు. పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనం గెలిచాం. ఎలా గెలిచాం? ఆ ఆచారం అనాదిగా ఉందని సవర్ణులు రుజువు చేయలేకపోయారు కాబట్టి! ఆచారం దుర్మార్గం అన్న కారణంతో కాదు, దాని పాతదనం తేలలేదన్న కారణంతో. రుజువు దొరికి ఉంటే?

కారంచేడు. 1985 జులై 17. మాదిగపల్లె తాగే చెరువు నీళ్లని పాడు చేయొద్దని ఒక ఆడబిడ్డ అడ్డంపడింది. ఆ తెగువకి ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. ఆ నెత్తురు మీద లేచిన పోరాటం లేకుండా 1989 అట్రాసిటీ చట్టం లేదు.

ఇక కర్ణాటక. బోరు నీళ్లు తోడుకోనివ్వకుండా దళితుల్ని తుపాకీతో బెదిరించిన కేసు. హైకోర్టు నిందితుల్ని వదిలేస్తే సుప్రీంకోర్టు శిక్షని నిలబెట్టింది. అప్పా బాలు ఇంగాలే కేసు అంటారు. అంటరానితనం బానిసత్వానికి మరో రూపమేనని ఆ తీర్పులో రాసిన జస్టిస్ కె. రామస్వామి మన తెలుగువారు.

నాలుగు చోట్లు, నూట యాభై ఏళ్లు, ఒకే నీళ్లు. తులనాత్మక న్యాయశాస్త్రానికి ఇంతకన్నా మంచి పాఠం ఉంటే చూపించండి.

జపాన్‌కి పోదాం. అక్కడ నీళ్ల బదులు అడ్రసు. 1871లో 'ఎతా', 'హినిన్' అన్న పేర్లని రాజ్యం రద్దు చేసింది. రద్దు చేసినందుకే రైతులు తిరగబడి బురాకు వాడల్ని తగలబెట్టారు. రద్దు కాగితం మీద జరిగింది, పుట్టుక వివరం కుటుంబ రిజిస్టరులో మిగిలింది. 1975లో బయటపడిందేమిటి? బురాకు వాడల పేర్ల జాబితా పుస్తకాల్ని కంపెనీలు రహస్యంగా కొనుక్కుంటున్నాయని! ఉద్యోగానికొచ్చినవాడి ఊరు చూసి వద్దనడానికి. "మీదే వూరు? ఊళ్లో ఎక్కడ?" అని హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చే ముందు అడిగే ప్రశ్నకి అది జపనీస్ అనువాదం. 2016లో బురాకు వివక్ష నిర్మూలనకి చట్టం తెచ్చారు. అందులో శిక్షలు లేవు. శిక్షలున్న మన చట్టానికీ, శిక్షల్లేని వాళ్ల చట్టానికీ నేల మీద తేడా ఎంత? ఈ ప్రశ్నకి జవాబు మాకు కావాలి, పరిశోధకులారా. ఇది కాన్ఫరెన్సు ప్రశ్న కాదు, మా బతుకు ప్రశ్న.

"బురాకులూ దళితులూ ఒకటెలా అవుతారు?" అంటారు. ఒకటి కారు. ఒకటైతే పోల్చే పనే లేదు కదా! తేడా ఉంది కాబట్టే పోల్చాలి.

"కులం మా ఇంటి వ్యవహారం" అన్న మాట ఇంకోటి. 2001 డర్బన్ సదస్సులో మన ప్రభుత్వం పట్టుబట్టింది దీనికోసమే. అదే ఏడాది శ్రీలంక న్యాయ పండితుడు గూణశేఖర ఐక్యరాజ్యసమితి కోసం భారత్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, జపాన్‌లని పక్కపక్కన పెట్టి నివేదిక రాశారు. 2002లో జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకని బట్టి చూపే వివక్షలో కులం కూడా ఉందని తేల్చింది. అంటే పోల్చడం సాధ్యమే, సిగ్గు పడేది ఎవరో మాత్రం తేలాలి.

చుండూరుతో ముగిస్తాను. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చట్టం పుస్తకంలో ఆ చట్టం ఆసియాలోకెల్లా గట్టిది. మరి చుండూరు నుంచి హైదరాబాదు చేరేలోపు దారిలో ఎక్కడ కారిపోయింది? నేపాల్ 2011లో తెచ్చిన అంటరానితనం నేర చట్టం ఎక్కడ కారుతోంది? శ్రీలంక 1957 చట్టం ఎందుకు ఎవరి నోటా వినపడదు? చట్టాల్ని పోల్చింది చాలు. ఇక వదిలేసిన తీర్పుల్ని పక్కపక్కన పెట్టండి. సాక్షి ఎక్కడ విరిగాడు, పోలీసు ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షను మింగాడు, జడ్జీ ఏ సాకు వెతికాడు, దేశం దేశం వరసగా రాయండి.

ఆ పని చేయడానికి మా పిల్లల్ని కూచోబెట్టండి. ఇంటర్వ్యూ ఇచ్చే బాధితులుగా కాదు, ప్రశ్నలు రాసే పరిశోధకులుగా. నేపాలీ, తమిళం, జపనీస్, తెలుగు రికార్డుల్ని ఒకరివి ఒకరికి అనువదించే డబ్బు పెట్టండి. 1956 నవంబరులో, చనిపోయే ముందు నెలలో, బాబాసాహెబ్ జబ్బు శరీరంతో కాఠ్‌మాండూ దాకా పోయి బౌద్ధ దేశాల ప్రతినిధులతో మాట్లాడొచ్చారు. ఆసియాతో ఆసియా మాట్లాడటం అంటే మాకు అప్పట్నుంచీ తెలుసు.

గడులు ఈసారి మేం గీస్తాం. మీరొచ్చి నింపండి.

జై భీమ్.