సూర్యాస్తమయానంతర దధి విచారము

దేహభారమును తగ్గించుకొనవలెనని సంకల్పించిన తెలుగు గృహస్థునకు ప్రథమోపదేశము వైద్యునివలన గాక బంధుమిత్రవర్గమువలననే లభించును. అందును మొదటి మాట అన్నమును గూర్చియో చక్కెరను గూర్చియో కాక, తరచుగా పెరుగును గూర్చియే యుండును. "రాత్రిపూట పెరుగు మానెయ్యి బాబూ, ఒళ్ళొస్తుంది" అని మేనత్తగారు చెప్పుదురు. "పెరుగైతే కఫం గాని, మజ్జిగ ఎంత తాగినా ఫరవాలేదు" అని పొరుగింటి పెద్దమనిషి సవరించును. "గేదె పెరుగు వదిలేసి గ్రీక్ యోగర్ట్ తినండి మావయ్యా, అది డైట్ ఫుడ్డు" అని వ్యాయామశాలకు పోవు మేనల్లుడు తీర్పు చెప్పును. ఈ మూడు ఉపదేశములలో మొదటి రెండును ప్రాచీనములు, మూడవది నిన్నమొన్నటిది. అయినను వీనినన్నిటిని ఒకే తల్లి బిడ్డలుగా గుర్తించుట కష్టము గాదు. ఏ వేళ తినవలెను, ఏ రూపమున తినవలెను, ఏ పేరుగలది తినవలెను అని ఇవి చెప్పును గాని, ఎంత తినవలెనను ప్రశ్నను వీనిలో ఏ ఒక్కటియు అడుగదు.

రాత్రి పెరుగు నిషిద్ధమనువారు ఆయుర్వేదమును సాక్షిగా పిలుతురు. సాక్షి నిజముగానే కలడు: చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయమున రాత్రివేళ పెరుగు తినరాదని విధింపబడినది. అయితే సాక్షి చెప్పిన వాఙ్మూలమును సాంతముగా వినుట న్యాయము. పెరుగును వేడిచేసి తినరాదనియు, నేయి చక్కెరలు గాని, పెసరకట్టు గాని, తేనె గాని, ఉసిరిక గాని చేర్చక తినరాదనియు ఆ చోటనే చెప్పబడియున్నది. మధ్యాహ్న భోజనమున గడ్డపెరుగులో ఆవకాయ నంజుకొనునపుడు పెసరకట్టు ఏదని గాని, ఉసిరిక ఏదని గాని అడిగిన తెలుగువాడెవడైన కలడా? ఆరు నియమములలో అయిదింటిని విస్మరించి ఒకదానిని మాత్రము తలదాల్చుట శాస్త్రమునందలి భక్తి యనిపించుకొనదు. అలవాటునకు అనుకూలమైన వాక్యమును ఏరుకొని, దానికి మహర్షి ముద్ర వేయించుకొనుట మాత్రమే యది.

ఇంతకంటె సూక్ష్మమైన వాదము వేరొకటి కలదు. "పూర్వులు ఊరకనే అనరు, దాని వెనుక సైన్సు ఉంటుంది" అనునది మన కాలపు విద్యావంతులకు మిక్కిలి ప్రియమైన వాక్యము. శీతలీకరణ యంత్రములు లేని దినములలో ఉదయము తోడుకొన్న పెరుగు వేసవి సాయంకాలమునకు దుర్భరముగా పులిసిపోవును గనుక రాత్రి వలదనియుందురని ఊహింపవచ్చును. ఊహ అసంభవము గాదు. కాని ఊహ నిజమేయైనచో, శీతలీకరణ యంత్రము ఇంటికి వచ్చిననాడే ఆ నిషేధము ఇల్లు విడిచి పోవలెను గదా! కారణము పోయిన తరువాతను కార్యము నిలిచియుండుటయే ఆచార లక్షణము. ముందు నియమమును నమ్మి, పిదప దానికి కారణమును వెదకువాడు ఎన్ని కారణములైనను సంపాదింపగలడు. ఒకటి వీగిపోయినచో మరియొకటి సిద్ధముగా నుండును.

ఇక లెక్కకు వత్తము. ఇట్టి వివాదములలో లెక్కకంటె నిష్పక్షపాతియైన మధ్యవర్తి లేడు. చిక్కని గేదెపాలలో వందకు సుమారు ఏడు పాళ్ళు కొవ్వుండును. అట్టి పాలతో తోడుపెట్టిన పెరుగు 200 గ్రాములలో కొవ్వు 14 గ్రాములు. గ్రాముకు తొమ్మిది కేలరీల చొప్పున 126 కేలరీలు. మాంసకృత్తులును పాలచక్కెరయు కలిసి ఇంచుమించు మరి డెబ్బది. వెరసి రెండువందలకు కొంచెము తక్కువ. మన దేశపు ఆహారప్రమాణముల ప్రకారము ఒకటిన్నర శాతము కొవ్వు గల డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన అంతే పెరుగులో కేలరీలు నూటికి లోపు. భేదమంతయు ఆ మీగడలోనే యున్నది. గడియారములో ఎంతమాత్రమును లేదు. మధ్యాహ్నము రెండు గంటలకు రెండువందల కేలరీలుగానున్న పెరుగు రాత్రి ఎనిమిది గంటలకు మూడువందలు కాజాలదు.

అయినను ఈ అభియోగమున పెరుగు ముద్దాయిగా నిలుచుటయే చిత్రము. తెలుగువాడు పెరుగును ఒంటరిగా తినడు. అన్నములో కలుపుకొని తినును. కంచములో చివరి వాయిగా వడ్డించుకొను అన్నము పావుకిలో యనుకొన్నచో అది 325 కేలరీలు. ప్రక్కనున్న ఆవకాయ ఊటతో పెద్ద చెంచాడు నూనె దిగినచో అది మరి నూట ఇరువది. పెరుగు ఒక్కటే మానివేసి, ఆ అన్నమునే చారుతో మారువడ్డించుకొని తినువాడు దోషిని విడిచి సాక్షిని ఉరితీయువాడు. నాకు తెలిసినంతలో ఒకరి దేహము అన్నమువలన స్థూలించినదని మన బంధువులెవరును అనరు. అన్నము పరబ్రహ్మస్వరూపము గదా, దానిమీద నేరము మోపుట ఎట్లు?

పెరుగును చుట్టుకొన్న నమ్మకములకు అంతమే లేదు. దీపములు పెట్టిన వేళ పొరుగువారికి తోడు ఇచ్చినచో లక్ష్మి గడప దాటిపోవునట. ఆమె ఒక చెంచాడు చేమిరితో పోవునంతటి చంచలయైనచో నిలిచియుండియు ప్రయోజనమేమి? చేపయు పెరుగును కలిపి తినినచో బొల్లి వచ్చునందురు. చర్మమునకు రంగునిచ్చు కణములను శరీరపు రక్షణవ్యవస్థయే నశింపజేయుటవలన బొల్లి కలుగును. పెరుగులో చేపను వండుట నిత్యవ్యవహారమైన వంగదేశీయులు ఈపాటికెల్ల మచ్చలతో నిండిపోలేదు.

మన పాతనమ్మకములను నిరసించునపుడు పాశ్చాత్య విజ్ఞానవేత్తలను తీర్పరులుగా కూర్చుండబెట్టుట సులభము గాని, ఈ విషయమున వారిలో ఒక మహనీయుడే మొదటి నిందితుడు. రక్షకకణములను గూర్చిన పరిశోధనలకై 1908లో నోబెల్ బహుమానమును పంచుకొన్న ఎలీ మెచ్నికోఫ్, పారిస్ లోని పాశ్చర్ సంస్థయందు పనిచేయుచు, పెద్దప్రేవులోని కుళ్ళువలన ముసలితనము ప్రాప్తించుననియు, బల్గేరియా కర్షకులు పుల్లని పెరుగు తినుటచేతనే దీర్ఘాయువులై యున్నారనియు సిద్ధాంతీకరించెను. ఆ కర్షకుల వయస్సులకు నమ్మదగిన పత్రములు లేవు. వారి పెరుగులోని సూక్ష్మజీవి మానవుని ప్రేవులలో స్థిరనివాసము చేయదని తరువాతివారు కనుగొనిరి. ఆయన నిత్యము ఆ పెరుగును సేవించియు 1916లో, డెబ్బదియొకటవ యేట, గతించెను. కాని సిద్ధాంతమునకు మరణము లేదు. 1919లో బార్సెలోనాలో స్థాపింపబడిన డానోన్ సంస్థ తన పెరుగును తొలుత ఔషధశాలలలో అమ్మినది! నేటి డైట్ పెరుగు గిన్నెకు ముత్తాత ఎవరో ఇందువలన తెలియుచున్నది. నోబెల్ పురస్కృతుడు పలికినంత మాత్రమున ఊహ నిజము కాజాలదు. మహర్షి విషయమునను ఇదే న్యాయము.

పెరుగు తినువారు సన్నబడుదురనుటకు ఆధారముగా చూపబడు పరిశోధన యొకటి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో వెలువడినది. లక్షయిరువదివేల మంది అమెరికనులను అనేక సంవత్సరములు పరిశీలించి, దినమునకొక వడ్డన పెరుగు అదనముగా తినువారిలో నాలుగేండ్ల వ్యవధికి బరువు సుమారు 370 గ్రాములు తక్కువగా పెరిగినదని హార్వర్డ్ పరిశోధకులు తేల్చిరి. ఫలితము అసత్యము గాదు; కాని నాలుగు సంవత్సరములకు 370 గ్రాములు! పైగా పెరుగును కోరి తినువారు ఇతర విషయములలోను ఆరోగ్యమునెడ శ్రద్ధ వహించువారై యుండుట సహజము గనుక, ఈ ఘనత ఎంతవరకు పెరుగునకు చెందునో ఇట్టి పరిశీలనమువలన నిర్ణయింపరాదు. నిశ్చయముగా చెప్పదగిన మేలు వేరొకటి యున్నది: పాలచక్కెర జీర్ణము గానివారు, అనగా పాలు త్రాగినచో కడుపుబ్బరము కలుగువారు, పెరుగును తేలికగా అరిగించుకొనగలరు; ఆ పని సజీవమైన సూక్ష్మజీవులు చేసిపెట్టును. దక్షిణదేశపు వయోజనులలో ఇట్టివారు అనేకులు.

గ్రీక్ యోగర్ట్ అను నవీన దైవమును గూర్చి రెండు మాటలు చాలును. పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి వ్రేలాడదీసి తేటను దింపినచో మిగులునదే యది. మాంసకృత్తులు ఇంచుమించు రెట్టింపుగా చిక్కబడును గనుక కడుపు నిండినట్లుండును, ఈ గుణము నిజమైనదే. అయితే మీగడతోకూడిన పెరుగును మూటకట్టినచో కొవ్వు సైతము చిక్కబడును. ఇక మామిడిపండు బొమ్మతోను స్ట్రాబెర్రీ బొమ్మతోను మెరయు గిన్నెలలో, కొవ్వును తీసివేసిన లోటును చక్కెరతో పూరించుట పరిపాటి. ఫ్యాట్ ఫ్రీ యను పెద్ద అక్షరములను చదివి ఆనందించువాడు, వెనుకవైపు చిన్న అక్షరములలో నూరు గ్రాములకు ఇంత యని ముద్రింపబడిన చక్కెర సంఖ్యను చదువడు. ముందువైపు చదువుట విశ్వాసము, వెనుకవైపు చదువుట వివేకము.

పథ్యమనగా రుచిని త్యజించుట యని భావించుటయు ఒక మూఢవిశ్వాసమే. ఉపవాసమునందు పుణ్యమును చూచు మనస్సునకు ఇది సహజముగా తోచును. వెన్నతీసిన పాల పెరుగు నీళ్ళవలె నుండునను దూషణము తోడుపెట్టు వారి తొందరకు చెందవలసినది. పాలను బాగుగా మరగించి, గోరువెచ్చగా నున్నపుడు తాజా చేమిరిని కలిపి, మట్టిముంతలో కదల్పక ఉంచినచో, మట్టి కొంత నీటిని పీల్చుకొనుటచేత ఆ పెరుగే కత్తితో కోయదగినంత గట్టిగా పేరుకొనును. దోసకాయ ముక్కలను వేసి, ఆవాలు ఇంగువతో పోపు పెట్టిన పెరుగుపచ్చడి గిన్నెడు తినినను నూరు కేలరీలను మించదు, పోపునూనె చెంచాకు లోపుగా నున్నంతవరకు. రాత్రియైనను తినవచ్చును.

గేదెపాలను విడువలేని ఇండ్లలో మరియొక ఉపాయము వాడుకలో నున్నది. కాచిన పాలను రాత్రియంతయు చల్లబరచి, పైన కట్టిన మీగడను పూర్తిగా ఎత్తివేసి, మిగిలిన పాలకు తోడుపెట్టుదురు. కొవ్వు చాలవరకు తొలగును. ఇంటి యజమాని సంతృప్తితో ఆ పెరుగును భుజించును. అయితే ఆ మీగడ పారవేయబడదు. వారమునకొకసారి చిలికి, వెన్న తీసి, కాచి నేయిగా మార్చుదురు. ఆ నేయి ఆదివారమునాడు ముద్దపప్పు మీదికి, ఆ యజమాని కంచములోనికే, వచ్చి చేరును. నేయి సాత్త్వికాహారము గనుక దానిని ఎవరును లెక్కింపరు.