వేగం సరే, నడుం సంగతేంటి?

“దీనికంటే మీ తాతగారి ఎడ్లబండే నయంరా. అందులో కనీసం గడ్డయినా పరిచేవాళ్లు.” నడుం నొప్పికి చికిత్స కోసం మే నెలలో విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ నా కారుకిచ్చిన కితాబు ఇది. ద్వారకలోని మా ఇంటి నుంచి దక్షిణ ఢిల్లీలోని ఆస్పత్రికి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. స్పీడ్ బ్రేకర్ వస్తోందంటే చాలు, తలుపు పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకునేది. మూడోసారికి ఆటో పిలవమంది.

నాది మోజుపడి కొన్న కారు. స్టీరింగ్ ఇలా తిప్పితే అలా తిరిగే బుల్లి స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్. ఆఫీసుకూ అదే, కూరగాయలకూ అదే. దాన్ని అమ్మేయడానికి మనసొప్పలేదు, అమ్మ నడుమును పణంగా పెట్టడానికీ ఒప్పలేదు. సస్పెన్షన్ మొత్తం మార్చేస్తే మేఘాల మీద తేలినట్లుంటుందన్నాడు కరోల్‌బాగ్‌లో ఒక దుకాణదారు. మా కాలనీ పక్కనుండే ముసలి మెకానిక్ మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు: “గాలి ఎంత కొట్టించారు?”

కొలిచి చూస్తే 38 పీఎస్ఐ. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద కంపెనీ రాసింది 32. మైలేజీ పెరుగుతుందని బంకు కుర్రాడు ఎక్కువ కొట్టాడు, నేను చూసుకోలేదు. ఢిల్లీలో దీనికి వాతావరణం కూడా తోడవుతుంది. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల చలిలో 32 ఉన్న టైరు, గాలి ఏమాత్రం తగ్గకుండా మే మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండకు చేరితే దాదాపు 39 చూపిస్తుంది. నైట్రోజన్ నింపినా ఈ లెక్క పెద్దగా మారదు. అందుకే కాలం మారినప్పుడల్లా, ఉదయం బండి కదలకముందే, సొంత గేజితో చూసుకోవాలి. మెత్తదనం కోసమని స్టిక్కర్ మీది అంకె కంటే తగ్గించడం మాత్రం ప్రమాదం. గాలి తక్కువైన టైరు వేగంలో వేడెక్కుతుంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే కాంక్రీటు మీద ఎండలో అది పేలితే నడుం నొప్పి చిన్న సమస్య అవుతుంది.

రెండో తప్పు పూర్తిగా నాదే. కారుతోపాటు వచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి, చూపుకు బాగుంటాయని 17 అంగుళాల అలాయ్‌లు వేయించాను. కంపెనీ ఇచ్చిన టైరు 195/55 ఆర్16. అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, సుమారు 107 మిల్లీమీటర్లు. నేను వేయించిన 205/45 ఆర్17కు ఆ గోడ 92 మాత్రమే. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్తటి రబ్బరులో 15 మిల్లీమీటర్లు డబ్బిచ్చి మరీ కోయించుకున్నానన్నమాట. అమ్మ చెప్పిన గడ్డి ఇదే. వానాకాలంలో నీళ్ల కింద దాక్కున్న గుంతలో పడితే, ఇలాంటి పలచటి టైరు పక్కన బుడగ లేస్తుంది, రిమ్ము వంగుతుంది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ వెనక సీటును ఇప్పటికీ తలచుకునేవారున్నారంటే, అందులో ఆ ఎత్తయిన టైర్ల పాత్ర కూడా ఉంది.

పాత చక్రాలు మళ్లీ ఎక్కించాను. ఇంకో మెట్టు దిగి 15 అంగుళాలకు వెళ్లాలనుకునేవారికి 185/65 ఆర్15 మొత్తం ఎత్తులో 195/55 ఆర్16తో దాదాపు సమానం, పక్క గోడ మాత్రం 120 మిల్లీమీటర్లు. అయితే మీ మోడల్‌కు కంపెనీయే ఆ సైజు ఇస్తోందా, బ్రేకులకు రిమ్ము తగలకుండా ఉంటుందా అన్నది ముందు తేల్చుకోవాలి. టైరు వయసూ చూడాలి. పక్కన ‘2319’ అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల కనిపించకపోయినా పాతబడిన రబ్బరు గట్టిపడుతుంది.

ఇంత చేశాక మిగిలింది ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడు. మెకానిక్ కారు పైకెత్తి చూస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు చిట్లి ఉన్నాయి, లింక్ రాడ్లు వదులయ్యాయి. చిన్న రబ్బరు ముక్కలే, కానీ అవి పోతే ప్రతి దెబ్బా ఇనుము నుంచి ఇనుముకు నేరుగా వెన్నెముకకు చేరుతుంది. కశ్మీరీ గేట్ మార్కెట్లో ఇవన్నీ దొరుకుతాయి, అసలూ నకిలీ కూడా. బిల్లు తీసుకోవడం మంచిది. షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారుతుంటే, గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటే జతగా మార్చాల్సిందే. కంపెనీ రకమే వేయాలి.

కారును కిందికి దించే పొట్టి స్ప్రింగుల జోలికి వెళ్లకపోవడం మేలు. స్ప్రింగు కదిలేందుకు చోటు తగ్గితే ప్రతి గతుకుకూ అడుగు తగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మన కాలనీల్లో కనిపించేవి చాలావరకు రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టిన దూలాలు. చట్టం సంగతీ ఉంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వేసే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందీ మీరే.

ఖర్చులేని చిట్కా ఒకటి. స్పీడ్ బ్రేకర్‌కు ముందే వేగం తగ్గించి, చక్రం దాన్ని తాకే క్షణానికి బ్రేకు వదిలేయండి. బ్రేకు మీద ఉన్నప్పుడు కారు ముక్కు అప్పటికే కిందికి వంగి ఉంటుంది, దెబ్బ తట్టుకునే చోటు స్ప్రింగుకు మిగలదు.

నా లెక్క ఇలా తేలింది: గాలికి దాదాపు ఏమీ కాలేదు, బుష్‌లకు కొంచెం అయింది, కరోల్‌బాగ్ సలహా వినివుంటే చాలా అయ్యేది. కారు గట్టిదనంలో కంపెనీ ఇంజనీర్ల వాటా కొంతే. మిగతాది నేను డబ్బిచ్చి కొన్నదో, పట్టించుకోక పోగేసుకున్నదో. మలుపుల్లో పదును ఒక పిసరు తగ్గిన మాట నిజమే. అది నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

ఆఖరి వారం ఆస్పత్రికి వెళ్తూ ‘ఎలా ఉందమ్మా’ అని అడిగాను. జవాబు రాలేదు. ధౌలా కువాన్ దాటకముందే ఆమె నిద్రపోయింది.