అన్నా, రెండు జిరాక్స్‌లు

జిరాక్స్ షాపుకు ఇప్పుడు కాగితం పట్టుకొచ్చేవాళ్లు తక్కువ. "అన్నా, నీ వాట్సాప్‌కు పెట్టా, రెండు కాపీలు తియ్యి" అంటారు. ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ తెరిస్తే ఊరంతా అందులోనే: ఆధార్‌లు, పాన్‌కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుందిగా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు! పనయ్యాక "ఆ ఫైలు తీసెయ్ తమ్ముడూ" అని నిలబడి చూసేవాళ్లు ఎందరు?

ఈ భయం చాదస్తం అనుకునేవారు 2018 నాటి పెద్దపల్లి జిల్లా ధర్మారం ఉదంతం గుర్తుచేసుకోవాలి. పోలీసులు చెప్పిన ప్రకారం, సిమ్‌కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు అచ్చులు తీసి, ఎవరెవరి పేర్లమీదో వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకయ్యా అంటే, టార్గెట్ కోసం!

ఆ కిటుకే తర్వాత బ్యాంకు ఖాతాలకూ పాకింది. ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్‌లో ఓటీపీ, కార్డు అక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు చాలు. ఒక విడతకు 10 వేల దాకా తీయొచ్చు. బ్యాంకు లేని ఊళ్లో ముసలివాళ్లకు అది మేలే, కాదనను. ఆ మేలు చేసే వేలే దొంగ చేతికి చిక్కితే?

ఇంత జరిగాక కూడా "ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అంటే ఒళ్లు మండుతుంది. దస్తావేజును వేలిముద్రతో సహా వెబ్‌సైట్‌లో పెట్టింది రైతా? 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్స్ ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని ప్రకటించింది. జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. లాడ్జి కౌంటర్‌లో మాత్రం జిరాక్స్ అడుగుతూనే ఉన్నారు.

సరే, మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పూర్తి కాపీ తప్పదంటే దానిమీద ఎందుకిస్తున్నారో, తేదీతో సహా అడ్డంగా రాయండి. ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ చేస్తే వేలిముద్ర ఎవరికీ పనిచేయదు. రేషన్ షాపులో మీకూ పనిచేయదు. అవసరమైనప్పుడు పది నిమిషాలపాటు లాక్ తీసే వీలుంది. ఆ పని అవ్వకు చేతకాదు, మనవరాలే చేసిపెట్టాలి. మీ పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఖాతాలో డబ్బు మాయమైతే మర్నాటి దాకా ఆగకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.