షాంపూ ప్యాకెట్‌లా దొరికే ఊరు

ఊళ్లో దిగాక అయ్యే ఖర్చు మాత్రమే చూస్తే, ఒక్కడే తిరిగేవాడికి బ్యాంకాక్ కంటే గద్వాలే ఖరీదు. జోక్ చేయట్లేదు. ఫ్లైట్ టికెట్, బస్ టికెట్ పక్కన పెట్టి, ఒక రోజు పడక, తిండి, తిరుగుడు వరకే రెండు చోట్లా నేను రాసుకున్న లెక్క ఇది.

బ్యాంకాక్: హాస్టల్‌లో ఒక బెడ్ 700 రూపాయలు. రోడ్డు పక్క బండ్ల మీద మూడు పూటల తిండి 450. మెట్రో, నది మీద పడవ కలిపి 150. మొత్తం 1,300.

గద్వాల: లాడ్జిలో రూమ్ 1,000. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి చపాతీ, నడుమ రెండు చాయ్‌లు అన్నీ కలిపి 250. జూరాల డ్యామ్ చూసి రావడానికి ఆటో 600. మొత్తం 1,850.

సీజన్‌ని బట్టి వందో రెండొందలో అటూ ఇటూ కావచ్చు. కానీ ఒకటి గమనించండి. తిండి దగ్గర గద్వాలదే గెలుపు. హనోయిలో ఫుట్‌పాత్ మీద బుల్లి ప్లాస్టిక్ స్టూలేసుకుని తాగే ఐస్ టీ 5,000 డాంగ్‌లు. అంకె వింటే గుండె జారుతుంది గానీ, మన లెక్కలో పదహారు, పదిహేడు రూపాయలు. మన చాయ్ పదికే వస్తుంది. మరి బిల్లు ఎక్కడ పెరిగింది? రూమ్ దగ్గర, ఆటో దగ్గర.

ఇప్పుడు ఇదే ట్రిప్‌కి నలుగురు దోస్తులు పోయారనుకోండి. గద్వాలలో రెండు రూములు, ఒక్క ఆటో. మనిషికి రూమ్ 500, తిండి 250, ఆటో 150. మొత్తం 900. ఒక్కడే పోతే అయిన దాంట్లో సగం! బ్యాంకాక్‌లో మాత్రం నలుగురు పోయినా తలా 1,300 దగ్గరే ఉంటుంది. ఎందుకంటే అక్కడ ప్రతిదీ ఒక్క మనిషికి సరిపడా ముక్క చేసి అమ్ముతారు. ఒక బెడ్, ఒక ప్లేటు, పడవలో ఒక సీటు. చావో ఫ్రాయా నదిలో నారింజ జెండా కట్టిన పడవ ఎక్కితే దగ్గరికైనా దూరానికైనా ఒకటే టికెట్. నేనిచ్చింది 16 బాట్లు. అంటే యాభై రూపాయల లోపే.

మన కిరాణా కొట్టులో వేలాడే రూపాయి షాంపూ ప్యాకెట్ గుర్తు తెచ్చుకోండి. బాటిల్ కొనలేనివాళ్లు కూడా తలంటుకోగలిగారంటే ఆ ప్యాకెట్ పుణ్యమే. ఆగ్నేయాసియా నగరాలు టూరిజాన్ని ప్యాకెట్లలో అమ్ముతున్నాయి. మన దగ్గర సరుకు ఫస్ట్ క్లాస్, కానీ బాటిలే కొనాలి. మొత్తం రూమ్, మొత్తం ఆటో, మొత్తం కారు.

జూరాల సంగతే తీసుకుందాం. గద్వాల నుంచి ఆత్మకూరు వైపు పోయే బస్సులు ఆ డ్యామ్ మీదుగానే పోతాయి. ఊరివాళ్లు వాటిలోనే తిరుగుతారు. కొత్తగా వచ్చినవాడికి ఆ ముక్క తెలియదు. తెలిసి ఎక్కినా, చేపల వేపుడు తిని తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎన్నింటికో చెప్పే బోర్డు కనపడదు. భయపడి ఆటో మాట్లాడుకుంటాడు. ఆటో అన్నను తప్పు పట్టలేం, రాకపోకలకీ వెయిటింగ్‌కీ కలిపి ఆయనకు అంత పడుతుంది మరి. అంటే ఆ 600 దారి తెలియనందుకు కట్టే ఫైన్ అన్నమాట.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా విచిత్రం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఎక్స్‌ప్రెస్‌లు పట్టుకుంటే హైదరాబాద్ నుంచి గద్వాల దాకా, దగ్గర దగ్గర 190 కిలోమీటర్లు, సున్నా రూపాయలు. ఇలాంటి ఆఫర్ నేను తిరిగిన ఏ దేశంలోనూ చూడలేదు. కానీ బస్టాండ్‌లో దిగాక మిగిలిన ఇరవై కిలోమీటర్ల లోపు దారికే పర్సు తీయాలి. ఒక్కతే ఉంటే పైసల కంటే ముందు ధైర్యం కూడదీసుకోవాలి.

వనపర్తిలో ఈ కథ రైల్వే స్టేషన్ పేరులోనే ఉంది. పేరు 'వనపర్తి రోడ్'. రైల్వే భాషలో పేరు చివర 'రోడ్' అని ఉంటే, ఊరు ఇక్కడ లేదు, ఇంకా పోవాలి అని అర్థం. స్టేషన్ ఉన్నది మదనాపురంలో. ఊరు చేరాక చూడాల్సినవి తక్కువేం కాదు. శ్రీరంగాపురంలో చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి ఉంది. కొత్తకోట దగ్గర సరళాసాగర్ ఉంది. అక్కడ నీళ్లు నిండితే ఎవరూ గేట్లెత్తరు, సైఫన్లు వాటంతటవే పనిచేసి నీటిని వదిలేస్తాయి. ఇంజనీరింగ్ చదివినవాడు ఒక్కసారైనా చూడాలి. కానీ ఈ రెండూ ఒక్కరోజులో చూడాలంటే సొంత బండి ఉండాలి, లేదా బాటిల్ కొనాలి.

నాగర్‌కర్నూల్ జిల్లాకు వస్తే నల్లమల అడవి, కొల్లాపూర్ అవతల సోమశిల దగ్గర కృష్ణమ్మ. మల్లెల తీర్థం జలపాతానికి పోవాలంటే శ్రీశైలం బస్సెక్కి వటవర్లపల్లిలో దిగొచ్చు. అక్కణ్నుంచి అడవి లోపలికి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. బస్సు మనల్ని అడవి గుమ్మం దాకా దింపుతుంది, లోపలికి తీసుకెళ్లే సీటు ఒక్కటి కావాలంటే దొరకదు.

ఇందులో పోయేది టూరిస్టు పైసలే అనుకోకండి. వియత్నాంలోని హోయ్ అన్‌లో పట్టు గుడ్డ లాంతరు చేయడం గంటసేపు నేర్పి డబ్బు తీసుకుంటారు. చేసుకున్న లాంతరు మడిచి బ్యాగులో పెట్టుకుని పోవచ్చు. గద్వాలలో నూలు చీరకు పట్టు అంచు ఎలా అతుకుతుందో, ఆ కుప్పడం పనితనం మగ్గం పక్కన కూర్చుని చూస్తే నోరు తెరుస్తారు. చీర వేలల్లో ఉంటుంది, అందరూ కొనలేరు. కానీ మగ్గం దగ్గర ఒక గంటకు రెండొందలు చాలామంది ఇస్తారు. నేనైతే ఇస్తాను. ఆ గంటను అమ్మే ఏర్పాటు లేదు కాబట్టి ఆ రెండొందలు నేతన్న ఇంటికి చేరట్లేదు.

దేశమంతా డ్యాములూ కాలువలూ తవ్విన పేరు 'పాలమూరు లేబర్'ది. పని వెతుక్కుంటూ మనుషులు బయటికి పోయిన నేల ఇది. 2016 అక్టోబర్ 11న అదే పాలమూరు నుంచి ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న ఈ జిల్లాల పిల్లలం వీకెండ్ పైసలు కూడా బయటికే మోస్తున్నాం. 2023 నవంబర్‌లో థాయ్‌లాండ్, డిసెంబర్‌లో మలేషియా మనకు వీసా లేకుండా తలుపులు తెరిచాక అది ఇంకా సులువైంది. పోవద్దని అనను, నేనూ మళ్లీ పోతాను. కానీ అక్కడి నుంచి తేవాల్సింది ఫ్రిజ్ మ్యాగ్నెట్లు మాత్రమే కాదు.

పెద్ద రిసార్టులు అడగట్లేదు. ఆదివారం పొద్దున వనపర్తి బస్టాండ్ నుంచి శ్రీరంగాపురం, సరళాసాగర్ తిప్పి తెచ్చే ఒక షేర్ ఆటో. దాని మీద సీటు రేటు, తిరిగొచ్చే టైమ్ తెలుగులో రాసిన ఒక బోర్డు. మొదటి ప్యాకెట్ అది చాలు.