అప్‌డేట్‌ని బద్‌నామ్ చేయకండి

లినక్స్‌లో అప్‌డేట్ అయిన మర్నాడు నెట్ రాకపోతే మొహల్లాలోని కంప్యూటర్ ఉస్తాదులు ఒకటే ఫైసలా చెప్తారు: "అప్‌డేట్లు బంద్ చెయ్యి భాయ్." ఈ మష్వరా గలత్. గలత్ మాత్రమే కాదు, ఖతర్నాక్ కూడా. సెక్యూరిటీ మరమ్మతులు వచ్చేది ఆ దర్వాజా నుంచే. దాన్ని మూసేసి ఇల్లు మెహ్‌ఫూజ్‌గా ఉందనుకుంటే ఎలా?

అస్లీ కసూర్ పేర్లది. ఈథ్0, ఈథ్1, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ... ఇవి పేర్లు కావు, లైన్లో ఇచ్చే టోకెన్లు. కెర్నల్‌కి ముందు కనబడిన కార్డు సున్నా, తర్వాతది ఒకటి. తర్తీబ్ మారితే టోకెన్ మారుతుంది. అందుకే 2013లో సిస్టమ్‌డీ 197 కొత్త కాయిదా తెచ్చింది. కార్డు ఏ జాగాలో ఉందో చూసి ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరు పెడుతుంది. ఇదీ పక్కా కాదు. ఇంకో కార్డు గుచ్చినా, సిస్టమ్‌డీ తన పద్ధతి మార్చుకున్నా ఆ పేరు మారొచ్చు.

"బూట్ లైన్లో నెట్.ఇఫ్‌నేమ్స్=0 రాసేయ్, పాత పేర్లు వాపస్ వస్తాయి" అంటారు ఇంకొందరు. ఒక్క కార్డుంటే నడుస్తుంది. రెండుంటే మళ్లీ అదే జూదం.

షినాఖ్త్ వస్తువులోనే ఉండాలి, అది నిలబడిన లైన్లో కాదు. "ఐపీ లింక్" కొట్టి కార్డు మ్యాక్ అడ్రస్ రాసుకోండి. /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్‌లో ఒక .లింక్ ఫైల్ పెట్టి, ఆ అడ్రస్‌కి "ఘర్0" అని మీ సొంత పేరివ్వండి. నెట్‌వర్క్ సెట్టింగుల్లోనూ అదే పేరు రాయండి. డెబియన్, ఉబుంటులో అయితే "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు" నడిపి రీబూట్ చేయండి.

"నేను రాసిన రూల్‌ని అప్‌డేట్ తినేసింది" అని షికాయత్ చేసేవాళ్లకి ఒక సవాల్: ఎక్కడ రాశారు? /యూఎస్‌ఆర్/లిబ్/యూడెవ్‌లోనా? అది డిస్ట్రో వాళ్ల జాగా, అప్‌డేట్ వచ్చినప్పుడు అక్కడి ఫైళ్లు మార్చడం వాళ్ల హక్. /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి మీది. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైలుంటే చెల్లేది మీదే.

నెట్ పోతే ఒక పూట పరేషానీ, అంతే. నిన్నటి ఎస్‌డీబీ పెన్‌డ్రైవే అన్న భరోసాతో ఇవాళ ఎస్‌డీబీని ఫార్మాట్ చేస్తే? ఇవాళ ఆ టోకెన్ షాదీ ఫొటోలు, దాదీ గొంతు దాచిన డిస్క్‌కి దక్కి ఉండొచ్చు. అందుకే ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీ రాయండి. ఫార్మాట్ చేసేముందు /డెవ్/డిస్క్/బై-ఐడీలో కంపెనీ పేరు, సీరియల్ నంబర్ చదవండి. దాదీ గొంతు ఏ అప్‌డేట్‌లోనూ వాపస్ రాదు.