సాక్షి మాట - కోర్టు కాగితము

సాక్షి చెప్పినదే సాక్ష్యము. కాని మన తెలుగు జిల్లాల కోర్టులలో సాక్షి తెలుగున చెప్పిన మాట పెక్కుచోట్ల ఇంగ్లీషున వ్రాయబడుచున్నది. చెప్పువాడు తెలుగువాడు, ప్రశ్నించు వకీలు తెలుగువాడు, వినెడి న్యాయాధిపతియు తెలుగువాడే. వీరిలో ఇంగ్లీషు తల్లిభాషగా గలవా డొక్కడును లేడు. కాగితము మాత్రము పరభాషలో నున్నది!

ఇందువలన నష్టమేమని యడుగువారు గలరు. ఒక్క యుదాహరణము చాలును. పాలివారి భూమి దావాలో, "ఇది మన పొలము" అని ప్రతివాది వాదితో ననెనని సాక్షి చెప్పెననుకొందము. "మన" యన్నచో వినుచున్న వాదికిని అందు పాలు గలదు. "మా" యన్నచో లేదు. ఇంగ్లీషున నీ రెంటికిని ఒక్కటే మాట. అది కాగితముపై నెక్కినంతనే దావాకు ప్రాణమైన భేదము నశించును. వ్రాసినదానిని సాక్షికి అతని భాషలో వివరింపవలెనని చట్టము చెప్పుచున్నది, నిజమే. కాని తిరిగి తెలుగు చేయువాడు "మన" యనునో, "మా" యనునో ఎవరెరుగుదురు? అప్పీలు వినువారికి సాక్షి కనబడడు. ఆ కాగితమే కనబడును.

దీనికి రాజ్యాంగము అడ్డు కాదు. 348వ అధికరణము ఇంగ్లీషును సుప్రీంకోర్టునకును, హైకోర్టులకును విధించినదే కాని క్రింది కోర్టులకు గాదు. హైకోర్టులలో సైతము రాష్ట్రపతి సమ్మతితో వేరుభాషకు చోటు గలదు. రాజస్థానమున 1950లోను, ఉత్తరప్రదేశమున 1969లోను, మధ్యప్రదేశమున 1971లోను, బీహారున 1972లోను హిందీకి ఆ చోటు లభించెను. తెలుగును అధికారభాష చేసిన చట్టము 1966 నాటిది. తెలంగాణ హైకోర్టు 2023లో తెలుగునను ఒక తీర్పు వెలువరించి దారి చూపెను. పెద్దకోర్టున సాధ్యమైనది మునసబు కోర్టున నేల సాధ్యము గాదు?

మేము ఇంగ్లీషును ద్వేషించువారము కాము. పరరాష్ట్రముల తీర్పులు మనకు తెలియుటయు, మన వాదము ఢిల్లీలో వినబడుటయు దానివలననే. వకీళ్లకు అది మంచి పనిముట్టు. కాని పనిముట్టు పనివాని చేతిలో నుండవలెనే గాని కక్షిదారు నోటికి గుడ్డ కారాదు.

కావున మేము కోరున దిది: సాక్షి మాటను సాక్షి పలికినట్లే తెలుగున వ్రాయవలెను, పైకోర్టునకు కావలసినచో ఇంగ్లీషు అనువాదమును జతపరుపవలెను. భేదము వచ్చినపుడు మూలము చూచుకొనవచ్చును. ప్రతి బారు సంఘమును ఇట్లు తీర్మానించి హైకోర్టునకు పంపవలెను. తన సాక్ష్యమును తానే చదువుకొనలేని ప్రజకు న్యాయము జరిగినను, జరిగినదను నమ్మకము కలుగదు.