పెట్టె మారినా పేరు మార్చకండి

కొత్త కుక్కరు కొంటే పాత గాస్కెట్ దానికి పట్టదు. వైఫై పెట్టెతో మాత్రం ఆ బాధ లేదండీ. పెట్టె కొత్తదైనా పేరూ, పాస్‌వర్డూ పాతవే ఉంచుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లల్లో కొత్త పెట్టె వచ్చిన రోజున ఫోన్లకీ, టీవీకీ, పిల్లల ల్యాప్‌టాప్‌కీ, గుమ్మం దగ్గర కెమెరాకీ ఒక్కోదానికి పాస్‌వర్డు కొట్టుకుంటూ కూర్చుంటారు.

మన ఇంట్లో అయితే ఎలాగో అవస్థ పడతాం. ఊళ్లో ఒక్కరే ఉండే అత్తగారింట్లో అయితే? ఆవిడకి మనవళ్లతో వీడియో కాల్ ఆగిపోతుంది. ఆవిడ లేచారో లేదో మనం ఇక్కణ్ణుంచి చూసుకునే కెమెరా కూడా పనిచెయ్యదు. "సెట్టింగ్స్‌లోకి వెళ్లండి అత్తయ్యా" అని ఫోన్లో చెప్పి చేయించడం అయ్యే పనేనా, మీరే చెప్పండి.

ఫోను గానీ టీవీ గానీ పెట్టెని రూపం చూసి గుర్తుపట్టదు. పేరు, పాస్‌వర్డు, భద్రత రకం, ఈ మూడూ కలిస్తే చాలు, పాత చుట్టమే అనుకుంటుంది. అందుకని పాతది పీకకముందే ఈ మూడూ పాలపద్దు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరం పెద్దదా చిన్నదా, మధ్యలో ఖాళీ ఉందా అన్నది కూడా చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే పేరే. పెట్టె అడుగున అంటించిన కాగితాన్ని నమ్మకండి. అది కంపెనీ పెట్టిన పేరు, మీరు తర్వాత మార్చుకుని ఉండొచ్చు.

తడబడేదల్లా భద్రత రకం దగ్గరే. కొత్త పెట్టెల్లో డబ్ల్యుపిఎ3 అని కనిపిస్తుంది. అది 2018లో వచ్చింది. అంతకుముందు కొన్న టీవీలూ, కెమెరాలూ చాలావాటికి అదేమిటో తెలియదు. డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 రెండూ కలిపినది ఉంటే అది ఎంచుకోండి. అప్పటికీ ఏదైనా మొండికేస్తే డబ్ల్యుపిఎ2 ఒక్కటే పెట్టండి. అలాగే 2.4 గిగాహెర్ట్జ్ అన్నదాన్ని ఆపకండి. చవక కెమెరాలు, బల్బులు చాలావరకు దానిమీదే నడుస్తాయి.

కొత్తది పెట్టాక పాతదాన్ని ఊరికే ప్లగ్గులో ఉంచకండి. ఒకే పేరుతో రెండుంటే ఫోను వెళ్లి నెట్ లేని పాతదానికి అతుక్కుంటుంది, మీరేమో కొత్తదాన్ని తిట్టుకుంటారు. ఫైబర్ ఉన్న ఇళ్లల్లో మాత్రం ఆ కంపెనీ ఇచ్చిన పెట్టె తీసేస్తే మొత్తం నెట్టే పోతుంది. దాన్ని అలాగే ఉంచి, అందులో వైఫై ఒక్కటి ఆపించండి. నెట్ పెట్టే అబ్బాయికి చెబితే అయిదు నిమిషాల పని.

ఇంతా చెప్పాను గానీ, మీ పాస్‌వర్డు అపార్ట్‌మెంటంతా తెలిసిపోయి ఉంటే మాత్రం పాతది పెట్టకండి. పేరు అదే ఉంచి పాస్‌వర్డు మార్చండి. శ్రమే, అన్నిటికీ మళ్లీ కొట్టాలి. కానీ అది మార్చుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ఇంకొక్క మాట. పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లడానికి వేరే పాస్‌వర్డు ఉంటుంది. కంపెనీ పెట్టినది అలాగే వదలక, వెంటనే మార్చి పాలపద్దు పుస్తకంలో దాని పక్కనే రాసుకోండి.